మెట్ల కింద అడిగే మాట

మా సావుకారి భార్య పద్మశ్రీ మేడం పొద్దున్నే తలస్నానం చేసి, తడి జుట్టు చివర ముడివేసుకుని, కుంకుమ భరిణె చేతపట్టి మెట్ల కింద నిలబడేది. కొట్టులో పనిచేసే ఆడవాళ్లం ఒకరి వెనక ఒకరం వెళ్లేవాళ్లం. అందరినీ ఒకే మాట అడిగేది.

“శుభ్రంగా ఉండావా?”

“శుభ్రమే మేడం.”

ఆ మాట చెప్పి, భరిణెలో వేలు పెట్టి, నుదుట అద్దుకుని పైకెక్కాలి. పైన పెండ్లి పట్టుచీరలు. ప్రొద్దుటూరులో బట్టల కొట్లకు కొదవ లేదు గానీ, మా కొట్టుకు పేరొచ్చింది మాత్రం ఈ భరిణెతోనే. ‘ఆడ కొంటే ముహూర్తం చీరకు అంటు తగలదు’ అని పులివెందుల నుంచీ, వేంపల్లె నుంచీ ముసలమ్మలు మనవరాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. శుభ్రంగా లేనని చెప్పిన మనిషి ఆ పూట వెనక గోడౌన్‌లోకి పోయి లంగాలు, లైనింగు గుడ్డలు మడత పెట్టుకోవాలి. పైన పట్టుచీర అమ్మితే వచ్చే కమీషను అక్కడ రాదు. అందుకని ఎవరూ చెప్పరు. నేను ఆ కొట్టులో చేరింది మొదలు ఒక్కరంటే ఒక్కరు చెప్పగా వినలేదు. అంతమంది ఆడవాళ్లం ఏడాది పొడుగునా ఒక్క పూట కూడా ఏమీ కాకుండా ఉండేవాళ్లమన్నమాట. అది కుదిరే పని కాదని పద్మశ్రీ మేడానికి తెలియక కాదు. ఆమెకు కావలసింది మా శుభ్రం కాదు, మా మాట.

“మనయి మూడు మతాలు లీలక్కా, అబద్ధం మాత్రం ఒగటే” అనేది మాబున్ని, మెట్లెక్కుతూ నా చెవిలో. ఆమె కూడా కుంకుమ అద్దుకునేది. మెట్ల మలుపు దగ్గరే కొంగుతో తుడిచేసుకునేది. నేను జమ్మలమడుగు బస్సెక్కినాక తుడుచుకునేదాన్ని.

మా ఇండ్లలో ముట్టు పట్టింపు ఏనాడూ లేదు. మా అవ్వ ఆ మూడు రోజుల్లో కూడా చర్చికి పోయి ముందు బెంచీలో కూర్చుని పాట ఎత్తుకునేదట. అట్లాంటి ఇంట్లో పుట్టిన నేను పొద్దున్నే లేచి, బస్సెక్కి, ఊరు దాటి పోయి, ఇంకొకరి మెట్ల కింద నిలబడి నా ఒంటి గురించి అబద్ధం చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ నోట్లో తుప్పు రుచి తగిలేది.

ఆ ఏడు ఆషాఢంలో నాకు మొదలైంది. ఆగలేదు.

లేడీ డాక్టరు స్కానింగు చూసి, గర్భసంచిలో గడ్డలున్నాయి, ఒంట్లో రక్తం తగ్గిపోయింది, తీసేయాలి, ఆలస్యం చేయొద్దు అంది. శ్రావణం పోయినాక చేయించుకుంటాలే మేడం, పెండ్లిళ్ల సీజను అన్నాను. ఆమె కళ్లజోడు తీసి నా ముఖం చూసింది.

“శ్రావణం మళ్లా యేటికి వస్తాదమ్మా. నువ్వు?”

నవ్వేసి వచ్చేశాను. ఇంట్లో చెప్పలేదు. నా భయం ఉద్యోగం పోతుందని మాత్రమే కాదు. ఈమె దగ్గర వాసన వస్తోందని ఎవరైనా ముక్కు దగ్గరికి కొంగు తీసుకుంటారేమోనని. పక్కన నిలబడిన మనిషి అర అడుగు జరిగితే చాలు, నాకు ఒళ్లు చల్లబడేది.

మా యూనిఫారం మీగడ రంగు చీర, మెరూన్ అంచు. సావుకారి అశ్వత్థనారాయణన్న ఏరికోరి నేయించాడు. ఆడవాళ్లు పొద్దస్తమానం కట్టుకుని తిరిగే చీరకు మీగడ రంగు ఎంచిన మనిషి, జన్మలో ఒక్కసారి కూడా మెడ తిప్పి తన వెనక భాగం చూసుకోవలసిన అవసరం పడని మనిషి. పైన హాలంతా పరుపులు, పరుపుల మీద తెల్ల దుప్పట్లు. గోడ వైపు మేము, ఎదురుగా కొనేవాళ్లు, నడుమ చీరలు.

మూడు ప్యాడ్లు, లోపల నల్ల లంగా, ఆ పైన ఇంకో లంగా. అయినా నమ్మకం లేదు. అందుకని ఆషాఢం నుంచీ నేను పరుపు మీద సరిగ్గా కూర్చోలేదు. మోకాళ్లు ఆనించి, మడమల మీద ఒంటిని ఎత్తి పట్టుకుని, ముందుకు వంగి చీరలు చూపించేదాన్ని. తొడలు వణికేవి. అది చూసి కొనేవాళ్లు మెచ్చుకునేవాళ్లు. “ఎంత మర్యాదండీ ఈమెకు, చూడండి, కాలు చాపకుండా ఎట్ల కూర్చునిందో!” అని. అశ్వత్థనారాయణన్న కొత్తగా చేరిన పిల్లలకు నన్ను చూపించి, “లీలమ్మను చూసి నేర్చుకోండి” అనేవాడు. రక్తం అంటకుండా ఒంటిని మోసుకోవడం వాళ్ల కండ్లకు వినయంగా కనపడేది.

ఇక బాత్రూము. గోడౌన్ వెనక ఒకటే ఉండేది, ఆడవాళ్లకూ మగవాళ్లకూ కలిపి. తలుపుకు గడియ లేదు, లోపలి నుంచి కాలు అడ్డం పెట్టుకోవాలి. గోడల మీద కిళ్లీ ఉమ్ములు. నేల ఎప్పుడూ తడి, అది ఏ తడో చూడకుండా చీర ఎత్తి పట్టుకోవాలి. వాడిన ప్యాడు వేయడానికి డబ్బా లేదు. కాగితంలో చుట్టి, నల్ల కవర్లో కట్టి, టిఫిను గిన్నె ఉండే సంచీలోనే అడుగున పెట్టుకుని బస్సులో ఇంటికి మోసుకొచ్చేవాళ్లం. ఎండాకాలం పోయినా ప్రొద్దుటూరు వేడి పోదు. బస్సులో ఆ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కన ఎవరూ కూర్చోకుండా ఉంటే బాగుండనిపించేది. ఇంటికొచ్చి అదే సంచీలో నుంచి టిఫిను గిన్నె తీసి కడిగేదాన్ని.

శ్రావణం పడుతూనే నా కూతురు ఏంజెల్‌ను సీజను పనికి తీసుకున్నారు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంది. నేనే అడిగి పెట్టించాను. మొదటి రోజు నా వెనకే వరసలో నిలబడింది.

“శుభ్రంగా ఉండావా పాపా?” అంది పద్మశ్రీ మేడం.

ఏంజెల్ నవ్వింది. “పొద్దున్నే స్నానం చేసినా మేడం.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేడం నవ్వలేదు. “అది కాదు అడిగేది.”

“ఇంగేంది మేడం?”

నేను మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగి, “శుభ్రమే మేడం, శుభ్రమే” అన్నాను. నా పిల్ల ఒంటి సంగతి నా నోటితో.

పైకెక్కినాక ఏంజెల్ నా ముఖంలోకి చూసింది. “ఇది అడుగుతారా మా? రోజూనా? నువ్వు రోజూ చెప్తావా?”

“సీజన్ అయిపోనీలే. చీరలు తియ్యి” అన్నాను.

ఇంట్లో ఆ సంగతి ఏంజెలే ఎత్తింది, ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలకు కూర్చున్నప్పుడు. మా ఆయన జయరాజు షేర్ ఆటో నడుపుతాడు. సంఘంలో పెద్ద కూడా. చెడ్డవాడు కాదు. పిల్ల చెప్పిందంతా విని, చివరికి నా వైపు చూసి అన్నాడు.

“అంతా బాగానే ఉంది గానీ, ఆ కుంకుమ సరిగ్గా తుడుచుకోవే. ఈ పొద్దు పాస్టరయ్య నీ నుదుటికల్లే చూస్తాండాడు. నాకు తల కొట్టేసినట్టయింది.”

“డాడీ, నేను చెప్పింది అది కాదు.”

“ఆడోళ్ల సంగతులు అన్నం ముందర ఏంది పాపా?”

ఆయన చేయి కడుక్కోవడానికి పెరట్లోకి లేచాడు. పెరట్లో గిన్నెలు కడిగే జాలాడి పక్కన బకెట్టు ఉంది. అందులో నా లంగాలు నానుతున్నాయి. నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చెప్పనక్కరలేదు. ఆషాఢం నుంచీ ఆ బకెట్టు అక్కడే ఉంది, ఆషాఢం నుంచీ ఆయన దాన్ని దాటేటప్పుడు గోడ వారగా నడిచేవాడు, కండ్లు ఆకాశం మీద పెట్టి, వాన వస్తుందా అన్నట్టు. నుదుటి మీద చిటికెడు ఎరుపు కనపడిన మనిషికి బకెట్టెడు ఎరుపు కనపడలేదు. ఆ మధ్యాహ్నం ఆయన కడుక్కుంటున్న చేతిని చూస్తే నాకు అసహ్యం వేసింది. ఇన్నేళ్ల కాపురంలో అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

వారం గడిచింది. ఏంజెల్ చీర విసిరి పరచడం నేర్చుకుంది, జరీ పల్లూ వేలి మీద నిలబెట్టడం నేర్చుకుంది. ఒకరోజు బస్సు దిగి నడుస్తుంటే, “మా, నాకు ఈ పొద్దు అయింది. కడుపులో నొప్పి” అంది. ప్యాడు ఉందా అన్నాను. ఉందంది. కొట్టుకు చేరాం. వరసలో నేను ముందు, ఆమె నా వెనక. నా మాట నేను చెప్పి మెట్టెక్కాను. వెనక నుంచి వినబడింది.

“శుభ్రంగా ఉండావా?”

“శుభ్రమే మేడం.”

తడబడలేదు. కాస్త సాగదీసి, చివరన తగ్గించి చెప్పింది. ఎవరిదో గొంతులా ఉందే అనుకున్నాను. నాదే. నేను చెప్పే తీరు అదే. నా పిల్ల నా దగ్గర నేర్చుకున్న పని అదన్నమాట. వెనక్కి తిరిగి చూశాను. నుదుట కుంకుమ అద్దుకుంటూ నవ్వు లేని ముఖంతో నా వైపు వస్తోంది. మాబున్ని నా నడుం మీద తట్టి, “పోపో అక్కా, దారి ఇడు” అంది.

ఆ రోజే పులివెందుల వాళ్లు వచ్చారు. పెండ్లికూతురు స్వాతి, ఆమె అమ్మ, పిన్నమ్మలు, అందరికంటే ముందు ఆమె అవ్వ రమణమ్మ. రమణమ్మ పరుపు మీద కూర్చోకముందే, “మాకు వాళ్లూ వీళ్లూ ముట్టింది వద్దమ్మా, అంటు తగలని చీర కావల్ల. అందుకే ఇంత దూరం వస్తిమి” అంది. పద్మశ్రీ మేడం స్వయంగా పైకొచ్చి కూల్‌డ్రింకులు ఇప్పించి, “మీరు నిశ్చింతగా చూడండవ్వా” అని కిందికి పోయింది. నేనూ ఏంజెల్‌ చీరలు పరుస్తున్నాం.

పిల్ల స్వాతి ముదురు రంగు చుడీదార్‌లో నా ఎదురుగా కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది. చీరల వైపు చూడడం లేదు. మాటిమాటికీ అటు జరుగుతోంది, ఇటు జరుగుతోంది. ఆ జరగడం నాకు తెలుసు. ఆషాఢం నుంచీ నేను చేస్తున్న పని అదే. కాసేపటికి ముందుకు వంగి మెల్లగా అడిగింది.

“అక్కా, బాత్రూం యాడ?”

మా బాత్రూము కండ్ల ముందు మెదిలింది. నోరు తెరిచేలోపు రమణమ్మ అందుకుంది. “ఇప్పుడే కదే కూర్చునింది! చీర తేల్చినాక పోదువులే. మంచి గడియ దాటిపోతాది.”

స్వాతి మళ్లీ కూర్చుంది.

ఎర్ర అంచు, ముదురాకు పచ్చ ఒంటితో ఉన్న చీర అందరికీ నచ్చింది. “పిల్లకు చుట్టి చూపించండి” అన్నారు. స్వాతి లేచింది. లేస్తూ లేస్తూ చున్నీ వెనక్కి లాక్కుంది. నేను చీర ఆమెకు చుట్టి, కుచ్చిళ్లు పెడుతూ, తలెత్తి చూశాను. ఆ పిల్ల కండ్లు పరుపు మీదే ఉన్నాయి. ఆమె కూర్చుని లేచిన చోట, తెల్ల దుప్పటి మీద, చిన్న మరక.

రమణమ్మ కూడా చూసింది.

“ఇదేంది? ఏందిది!” ముసలమ్మ పైకే అరిచింది. “ఎవురే మీలో? ఇదేనా మీ శుద్ధం? మీకు పిల్లల్లేరా? మా పిల్ల ముహూర్తం చీర కాడ ఈ పాడు పని చేస్తారా!”

ఆమెకు మనవరాలి మీద అనుమానం కలలో కూడా రాలేదు. కొనేవాళ్ల ఒంట్లో అట్లాంటివి ఉండవు. అమ్మేవాళ్లకే ఉంటాయి.

పద్మశ్రీ మేడం పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనకే ఆమె కొడుకు కిషోర్, బిల్లింగు దగ్గర నుంచి. కింద చొక్కాల విభాగంలో పనిచేసే మగపిల్లలు కూడా మెట్ల మీద నుంచి తలలు పెట్టారు. మేడం మమ్మల్నందరినీ గోడ దగ్గర వరసగా నిలబెట్టింది.

“వెనక్కి తిరగండి” అంది.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

“గోడకల్లా తిరగండి అంటాండా. చూస్తా ఎవరో.”

తిరిగాం. ముఖాలు గోడకు, వీపులు జనానికి. మీగడ రంగు చీరలు వరసగా. నా పక్కన ఏంజెల్. ఆమె చీర వెనక ఏముందో నేను చూడలేను. నా చీర వెనక ఏముందో నాకే తెలియదు. గోడకు కొత్తగా వేసిన రంగు వాసన, వెనక జనం గుసగుస. సంతలో గొడ్లను కూడా ఇట్ల నిలబెట్టరు. గొడ్డు తోక అడ్డం పెట్టుకుంటుంది.

నేను ముందుకు తిరిగాను.

“తిరగాల్సిన పని లేదు మేడం. నాకే అయింది.”

“నీకా లీలా?”

“ఈ పొద్దే కాదు. ఆషాఢం నుంచి ఆగలేదు. గర్భసంచిలో గడ్డలుండాయంట. రోజూ మీరడిగినప్పుడు శుభ్రమని చెప్తాండా. మా పిల్లోళ్లను ఇటు తిరగమను, మెట్ల మీదుండేవోళ్లను కిందికి పంపించు. మగపిల్లోళ్లు చూస్తాండారు.”

ఆమెను నేను నువ్వన్నది అదే మొదటిసారి. ఆమె గమనించిందో లేదో. రమణమ్మ కొంగు ముక్కు మీదికి లాక్కుని వెనక్కి జరిగింది. నేను ఇన్నాళ్లూ భయపడింది ఇదే. కండ్ల ముందు జరిగింది. జరిగినా నేను నిలబడే ఉన్నాను. తల తిరగలేదు. పైపెచ్చు ఆ ముసలమ్మ కొంగుకు అంటుకున్న సాంబారు మరక కూడా కనపడింది.

పద్మశ్రీ మేడం పరుపు వైపు చూసింది. మరక ఎటు వైపు ఉందో చూసింది. అది కొనేవాళ్లు కూర్చునే వైపు. గోడ వైపు మేము కూర్చునే చోట దుప్పటి మంచులాగా ఉంది. ఆమె స్వాతి వైపు చూసింది. నా వైపు చూసింది. అంతా తెలిసిపోయింది ఆమెకు. తెలిసి కూడా, “నువ్వు గోడౌన్‌కు పో లీలా. కిషోర్, పసుపు నీళ్లు తెమ్మను” అంది.

మెట్లు దిగుతుంటే పైన రమణమ్మ గొంతు వినబడింది. “ఆ చీర ఇప్పేయ్ పాపా, అది ముట్టుకునిండాది ఆమె. వేరేది చూస్తాం.”

“నాకు ఇదే కావల్ల అవ్వా.”

“అంటుదే!”

“అయితే కానీ. ఇదే కావల్ల.”

గోడౌన్‌లో ఎలుకల కంపు, గంజి పొడి వాసన. లంగాల మూటల మధ్య కూర్చున్నాను. కాసేపటికి ఏంజెల్ వచ్చింది. నా పక్కన కూర్చుని ఒక మూట తన వైపు లాక్కుంది. మధ్యాహ్నం పద్మశ్రీ మేడం వచ్చి గడప అవతలే నిలబడింది. లోపలికి రాలేదు. నన్ను పొమ్మంటుందనుకున్నాను.

“ఏ డాక్టరు కాడ చూపించుకున్యావు?” అంది.

చెప్పాను.

“చేయించుకో. భయం లేదులే. నాకు తీసేసి మూడేండ్లాయె.” గొంతు కొంచెం తగ్గించింది. “బాగుంటాది లీలా. ఇంగ ఈ గొడవే ఉండదు. నేను ఇప్పుడు ఎప్పుడూ శుభ్రమే.”

గొప్పగానే చెప్పింది, కొత్త గాజులు చూపించినట్టు. నాకు ఆమె మీద జాలి కలిగింది. ఆ వెంటనే ఇంకా ఎక్కువ రోత పుట్టింది. ఒంట్లో నుంచి ఒక సంచీ కోసి పారేసుకుని, అదేదో డిగ్రీ పట్టా అయినట్టు చెప్పుకుని, పొద్దున్నే మెట్ల కింద నిలబడి ఇంకొకరిని అడుగుతోంది ఈమె.

“పైన మరక నాది కాదని నీకు తెలుసు గదా?” అన్నాను.

“కస్టమర్లు లీలా” అంది ఆమె, అంతకు మించి ఏముందన్నట్టు. పోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం వడ్డించి, జయరాజు ముద్ద కలుపుతుండగానే చెప్పాను. గడ్డలు, రక్తం, ఆపరేషను, కొట్టులో జరిగింది.

“అన్నం ముందర...” అన్నాడు అలవాటుగా.

“అన్నం వండింది ఈ చేతులే. ఆ లంగాలు ఉతికిందీ ఈ చేతులే. తింటే తిను, లేకుంటే లే.”

ఏంజెల్ నవ్వాపుకోలేక నీళ్లు తాగింది. జయరాజు ఎత్తిన ముద్ద కంచంలో దించాడు. తర్వాత, “ఆషాఢం నుంచా?” అన్నాడు.

“బకెట్టు ఆన్నే ఉండాది గదా. చూడలేదా?”

ఆయన పెరటి వైపు చూశాడు. ముద్ద తిన్నాడు.

మరుసటి పొద్దున అందరం మెట్ల కింద నిలబడ్డాం. రావద్దని ఎవరూ అనలేదు. నడి శ్రావణంలో చేయి తిరిగిన మనిషిని ఏ కొట్టువాడూ పొమ్మనడు. పద్మశ్రీ మేడం భరిణె పట్టుకునే ఉంది. నిన్న ఏమీ జరగనట్టు, అదే గొంతుతో అడిగింది.

“శుభ్రంగా ఉండావా?”

“లేను మేడం” అన్నాను. కుంకుమ అద్దుకోలేదు. గోడౌన్ వైపు తిరిగాను.

“నువ్వు పాపా?”

“నేనూ లేను మేడం. నిన్న కూడా లేను” అంది ఏంజెల్.

మాబున్ని వంతు వచ్చింది. “నేను మాత్రం ఈ పొద్దు నిజంగానే శుభ్రం మేడం, అల్లా మీద ఒట్టు. గానీ నేనూ గోడౌన్‌కే పోతా. ఆడ నవ్వుకోవచ్చు.”

అందరూ రాలేదు. ఇద్దరు ముగ్గురు కండ్లు దించుకుని ‘శుభ్రమే’ అని పైకెక్కారు. వాళ్లను ఏమీ అనలేను, వాళ్ల ఇండ్లలో ఏముందో నాకు తెలుసు. కానీ వచ్చినవాళ్లతోనే గోడౌన్ నిండిపోయింది. లంగాల మూటల మీద, అట్టపెట్టెల మీద కూర్చున్నాం. ఎవరెవరికి ఎప్పుడెప్పుడు ఏమైందో, ఎవరు కుంకుమ ఎక్కడ తుడిచేవారో, ఎవరి సంచీలో ఎన్ని కవర్లుండేవో, అన్నీ బయటపడ్డాయి. కొన్ని మాటలకు నవ్వొచ్చింది. చాలా మాటలకు చేతుల్లో మడతలు ఆగిపోయాయి.

ఎండ ఎక్కకముందే అశ్వత్థనారాయణన్న పరిగెత్తుకొచ్చాడు, చెమటలు కారుతూ.

“ఏందమ్మా ఇది! పైన జనం కిటకిటలాడతాండారు. ఎర్రగుంట్ల వాళ్లు వచ్చిండారు, చీర చూపించే దిక్కు లేదు. అందరికీ ఒగేసారి ఆ... అది... అయిందా?”

“ఏదన్నా?” అంది మాబున్ని అమాయకంగా.

“అదేలేమ్మా. ఏదుంటే అది. పైకి రాండి.”

“మెట్ల కింద మేడం అడుగుతుందన్నా” అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. బయట నిలబడిన భార్య వైపు తిరిగి, “సీజన్లో అడగాకు పద్మా. ఆ మాట ఆషాఢంలో అడుగుదువులే” అన్నాడు. న్యాయం అని కాదు, పాపం అని కాదు. ఎర్రగుంట్ల వాళ్లు లేచిపోతారని.

నేను లేవలేదు. “బాత్రూముకు గడియ పెట్టించన్నా. మూత ఉండే డబ్బా ఒగటి లోపల పెట్టించు. మేము అవి సద్ది గిన్నెల పక్కన పెట్టుకుని మోసుకుపోతాండాం.”

ఆయన ముఖం చిట్లించాడు. ఆ మాట విన్నందుకే చెవులు కడుక్కోవాలనిపించినట్టుంది.

“ఇంగ నాకు ఆపరేషనుకు సెలవు కావల్ల. సీజన్ అయిపోయేదాకా ఆగలేను. మళ్లా వస్తా. ఇదే పనికి వస్తా.”

“సరే సరే. గట్టిగా మాట్లాడాకమ్మా, కింద కస్టమర్లుండారు” అన్నాడు.

గడియ ఆ సాయంత్రమే బిగించారు. ఆపరేషను వరలక్ష్మీ వ్రతం వెళ్లినాక అయింది. ఆసుపత్రికి జయరాజే ఆటోలో తీసుకుపోయాడు, దారి పొడుగునా గుంతలు తప్పిస్తూ, ప్రయాణికులనెవ్వరినీ ఎక్కించుకోకుండా. మంచం మీద ఉన్నప్పుడు ఏంజెల్ వచ్చి నా చెవిలో చెప్పింది.

“మా, డాడీ నీ బకెట్టు పారబోసినాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ముఖం అటు తిప్పుకుని. లంగాలు రెండు ఉతికినాడు కూడా. సబ్బు పెట్టకుండా.”

“ముఖం తిప్పుకునే?”

“ఊ. తిప్పుకునే.”

అంతే అనుకున్నాను. ఆయనకు చేతనైంది అంత.

ఏంజెల్ ఆ కొట్టుకు మళ్లీ పోలేదు. నేను కార్తీకంలో పోయాను. మెట్ల కింద పద్మశ్రీ మేడం ఉంది, భరిణె ఉంది, మాట మాత్రం లేదు. కావలసినవాళ్లు బొట్టు పెట్టుకుంటారు, లేనివాళ్లు ఎక్కిపోతారు. నన్ను చూసి, “ఇంగ హాయి గదా లీలా?” అంది. ఆ హాయి ఏమిటో నాకు అర్థమైంది. తలూపలేదు.

పైకి పోయి పరుపు మీద కూర్చున్నాను. ఆషాఢం తర్వాత మొదటిసారి, మడమల మీద ఒంటిని ఎత్తకుండా, బరువంతా వేసి. కింద కరకరమంది.

“ఏందిది?” అన్నాను.

“ప్లాస్టిక్కు” అంది మాబున్ని. “దుప్పట్ల కింద అంతా పరిపించినాది మేడం. దుమ్ము పడకుండా అంట.”

ఇప్పుడు ఎవరు కూర్చున్నా మోగుతుంది. పెండ్లికూతురు కూర్చున్నా, అంటు తగలని చీర కావాలని వచ్చిన అవ్వ కూర్చున్నా కరకరమంటుంది. వాళ్లు ఉలిక్కిపడి అటూ ఇటూ చూసి, కాస్త జరుగుతారు. జరిగితే ఇంకా గట్టిగా మోగుతుంది. మొన్న ప్రొద్దుటూరులోనే బాగా ఉన్నవాళ్లు వస్తే పద్మశ్రీ మేడమే వచ్చి మా వైపు, నా పక్కన, చీరలు చూపించడానికి కూర్చుంది. ఎప్పుడూ శుభ్రంగా ఉండే మనిషి. ఆమె కిందా అంతే మోగింది. ఆమె కదలకుండా బిగుసుకుపోయింది, మోకాళ్ల మీదికి లేచి, మడమల మీద ఒంటిని ఎత్తి పట్టుకుని.

నేను కాళ్లు మడుచుకుని, బరువంతా వేసి కూర్చునే చీర విప్పాను.